పతకం ఉంది, రికార్డులో లేదు: మాజీ సైనికుల సర్వీసు కాగితాల చిక్కు

1999 జులైలో, కార్గిల్ యుద్ధంలో టైగర్ హిల్ మీద జరిగిన పోరులో గ్రెనేడియర్ యోగేంద్ర సింగ్ యాదవ్ ఒంట్లో ఎన్నో బుల్లెట్లు దిగాయి. అయినా ప్రాణాలతో కిందికి దిగివచ్చాడు. అప్పటికి ఆయన వయసు 19 ఏళ్ళు. తర్వాత పరమవీర చక్ర ప్రకటించారు. ఆ ప్రకటనలో ఆయన పేరు పక్కన 'మరణానంతరం' అని వచ్చింది. అదే 18 గ్రెనేడియర్స్ బెటాలియన్‌లో అదే పేరున్న మరో జవాను ఉన్నాడు. చనిపోయింది ఆయన. పతకం వచ్చిన మనిషి ఆస్పత్రిలో కోలుకుంటున్నాడు.

దేశమంతా కళ్ళప్పగించి చూస్తున్న యుద్ధం, దేశంలోకెల్లా పెద్ద శౌర్య పురస్కారం. అందుకే ఆ పొరపాటు త్వరగానే బయటపడి సర్దుకుంది. ఇలాంటి తప్పు ఒక మామూలు హవల్దారు సేనా మెడల్ విషయంలో జరిగితే? 1971లో తూర్పు సరిహద్దులో ఉన్న ఒక సిపాయి యుద్ధ పతకం విషయంలో జరిగితే? ఎవరూ చూడరు. ఆ తప్పు అలాగే రిటైరయ్యేటప్పుడు చేతికిచ్చే డిశ్చార్జ్ బుక్‌లోకి, అక్కణ్ణుంచి పెన్షన్ కాగితంలోకి ఎక్కి, మనిషి ముసలివాడయ్యేదాకా కూడా వస్తుంది.

మా మేనమామ 1966లో సైన్యంలో చేరి 1990లో నాయబ్ సుబేదారుగా రిటైరయ్యారు. 1971 యుద్ధంలో తూర్పు రంగంలో ఉన్నారు. అందుకు ఇచ్చిన పూర్వీ స్టార్ ఇప్పటికీ ఆయన బీరువాలో, అత్తయ్య పట్టుచీరల మధ్య భద్రంగా ఉంది. డిశ్చార్జ్ బుక్‌లో పతకాల పేజీ తీస్తే మాత్రం సంగ్రామ్ మెడల్ ఉంది, స్వాతంత్ర్య రజతోత్సవ పతకం ఉంది, లాంగ్ సర్వీస్ మెడల్స్ ఉన్నాయి. పూర్వీ స్టార్ లేదు. ఆ ఒక్క లైను రాయించడానికి మాకు మూడేళ్ళు పట్టింది. అందులో రెండేళ్ళకు పైగా మేం నిలబడింది తప్పు గుమ్మం ముందు. ఆ రెండేళ్ళు ఇంకొకరికి వృథా కాకూడదనే ఇదంతా రాస్తున్నాను.

ఒక ఎంట్రీ ఎలా పుడుతుంది

'రికార్డు సరిచేయించాలి' అని అందరూ ఒకే మాట అంటారు కానీ సైనికుడి రికార్డు ఒక కాగితం కాదు. ఒకదాన్ని చూసి ఇంకొకటి రాసుకునే నాలుగైదు కాగితాల వరుస అది. ఆ వరుస తెలియకపోతే ఎక్కడ తెగిందో తెలియదు.

మొదటిది, పతకం ఇవ్వాలన్న నిర్ణయం. పరమవీర చక్ర నుంచి సేనా మెడల్ దాకా శౌర్య పురస్కారాలకు రాష్ట్రపతి పేరిట భారత గెజిట్‌లో నోటిఫికేషన్ వస్తుంది. యుద్ధ పతకాలు, సర్వీసు పతకాల సంగతి వేరు. వాటికి మనిషి పేరుతో గెజిట్ ఉండదు. ఫలానా తేదీల మధ్య ఫలానా ప్రాంతంలో పనిచేసినవాళ్ళందరికీ అని షరతులు మాత్రమే ఉంటాయి. ఆ షరతులు ఎవరికి సరిపోతాయో తేల్చేది యూనిట్, రికార్డ్ ఆఫీసు.

రెండోది పార్ట్ టూ ఆర్డర్. పౌర జీవితంలో మనకు దీనికి సాటి వచ్చేది లేదు. జవానుకు పెళ్ళయినా, బిడ్డ పుట్టినా, ప్రమోషన్ వచ్చినా, బదిలీ అయినా, పతకం వచ్చినా యూనిట్ దాన్ని పార్ట్ టూ ఆర్డర్‌లో ప్రచురించాలి. సైన్యం దృష్టిలో అందులోకి ఎక్కితేనే ఆ సంగతి జరిగినట్టు. మాజీ సైనికులు మాటల్లో "పార్ట్ టూ పడిందా?" అని అడుగుతుంటారే, ఆ ప్రశ్నకు అంత బరువు ఉన్నది ఇందుకే.

మూడోది షీట్ రోల్. ఇది రికార్డ్ ఆఫీసులో ఉండే అసలు సర్వీసు చరిత్ర. యూనిట్ నుంచి వచ్చిన పార్ట్ టూ ఆర్డర్లను చూసి అక్కడి గుమాస్తాలు ఇందులో ఎక్కిస్తారు. నాలుగోది డిశ్చార్జ్ బుక్, రిటైరయ్యేటప్పుడు షీట్ రోల్ చూసి రాసి జవాను చేతికి ఇచ్చేది. ఐదోది పెన్షన్ పేమెంట్ ఆర్డర్, అంటే పీపీవో. రికార్డ్ ఆఫీసు పంపిన వివరాల మీద ఆర్మీవాళ్ళకు దీన్ని ప్రయాగ్‌రాజ్‌లోని డిఫెన్స్ పెన్షన్ అకౌంట్స్ కార్యాలయం ఇస్తుంది.

ఇందులో చాలా భాగం కంప్యూటర్లు రాకముందు చేత్తో రాసినదే. యుద్ధం జరుగుతున్న రోజుల్లో యూనిట్ గుమాస్తా కూడా కందకంలోనే ఉంటాడు. ఒక లైను జారిపోవడం వింత కాదు. ఆ లైను ఏ కాగితం దగ్గర జారిందో కనిపెట్టకుండా దరఖాస్తులు పెట్టుకుంటూ పోవడమే మన ఇబ్బంది. మేమూ అదే చేశాం. ముందు పెన్షన్ కార్యాలయానికి రాశాం. పతకాల పేజీతో వాళ్ళకు సంబంధమే లేదు. తర్వాత జిల్లాలో సైనిక సంక్షేమ కార్యాలయం చుట్టూ తిరిగాం. అక్కడివాళ్ళు మర్యాదగా మా కాగితాలు పైకి పంపారు, అంతకు మించి వాళ్ళ చేతిలో ఏమీ లేదు. దరఖాస్తు రాయడానికి, ఫార్వర్డ్ చేయడానికి, ఎక్కడ ఆగిందో కనుక్కోవడానికి ఆ కార్యాలయం పనికొస్తుంది. షీట్ రోల్‌లో ఒక్క అక్షరం మార్చే అధికారం దానికి లేదు.

ఆ అధికారం రికార్డ్ ఆఫీసుది. ఏ రెజిమెంటు, ఏ కోర్ అన్నదాన్ని బట్టి అది ఒక్కో ఊళ్ళో ఉంటుంది. మద్రాస్ రెజిమెంట్‌ది నీలగిరుల్లోని వెల్లింగ్టన్‌లో, ఆర్టిలరీది నాసిక్‌లో, సిగ్నల్స్‌ది జబల్‌పూర్‌లో, మద్రాస్ ఇంజనీర్ గ్రూప్‌ది బెంగళూరులో, సైన్యం యంత్రాలు, వాహనాలు బాగుచేసే ఈఎంఈ కోర్‌ది, ఆర్డినెన్స్ కోర్‌ది మన సికింద్రాబాద్‌లోనే. ఎయిర్‌మెన్ రికార్డులు ఢిల్లీ సుబ్రతో పార్క్‌లో, నేవీ సెయిలర్లవి ముంబయిలో ఉంటాయి. ఆర్మీ ఆఫీసర్ల రికార్డులు ఢిల్లీలో ఆర్మీ హెడ్‌క్వార్టర్స్ చూసుకుంటుంది. చివరగా పనిచేసిన యూనిట్‌కు ఉత్తరం రాస్తే చాలామందికి జవాబే రాదు. మీ పాత కాగితాలు ఇప్పుడు ఆ యూనిట్ దగ్గర ఉండవు.

ఎక్కడ తెగింది?

అన్నిటికంటే తేలికైనది, పార్ట్ టూ ఆర్డర్ ఉంది, షీట్ రోల్‌లో ఉంది, డిశ్చార్జ్ బుక్‌లోకి ఎక్కలేదు అన్న సందర్భం. ఇది ఉత్త నకలు తప్పు. ఆర్డర్ నంబరు, తేదీ చూపించగలిగితే వాదన అక్కర్లేదు.

పార్ట్ టూ ఆర్డరే పడలేదంటే పని పెరుగుతుంది. యుద్ధ పతకాల్లో ఎక్కువగా ఎదురయ్యేది ఇదే. అప్పుడు 'నాకు పతకం ఇచ్చారు' అనడం కంటే 'నేను ఆ తేదీల్లో ఆ ప్రాంతంలో ఉన్నాను' అని చూపించడం ముఖ్యం. 1965 యుద్ధరంగంలో ఉన్నవాళ్ళకు సమర్ సేవా స్టార్ ఉంది, 1971లో తూర్పున ఉన్నవాళ్ళకు పూర్వీ స్టార్, పడమట ఉన్నవాళ్ళకు పశ్చిమీ స్టార్ ఉన్నాయి. 1999లో కార్గిల్ పోరాట ప్రాంతంలో ఉన్నవాళ్ళకు ఆపరేషన్ విజయ్ స్టార్, ఆ సమయంలో వేరే సరిహద్దుల్లో మోహరించినవాళ్ళకు ఆపరేషన్ విజయ్ మెడల్. స్టార్, మెడల్ రెండూ ఒకటే అనుకుని ఒకదాని బదులు ఇంకొకటి అడిగి తిరస్కరణ ఉత్తరం తెచ్చుకున్నవాళ్ళున్నారు. 9 వేల అడుగుల పైన పనిచేసినవాళ్ళకు ఇచ్చే హై ఆల్టిట్యూడ్ మెడల్‌కు మొత్తం 180 రోజులు లెక్క తేలాలి. 1997 ఆగస్టు 15న సర్వీసులో ఉన్న ప్రతి ఒక్కరికీ స్వర్ణోత్సవ పతకం హక్కు. దానికి చేరిన తేదీ, రిటైరైన తేదీ చూపిస్తే చాలు.

ఉన్నానని చూపించడానికి మొదటి ఆధారం షీట్ రోల్‌లోని పోస్టింగ్ ఎంట్రీలే. అవి చాలకపోతే అదే కంపెనీలో పనిచేసిన తోటివాళ్ళకు అదే పతకం వచ్చినట్టున్న పార్ట్ టూ ఆర్డర్, అప్పటి కంపెనీ కమాండర్ ఇచ్చే ధ్రువీకరణ, ఇంటికి రాసిన ఉత్తరాల మీద ఫీల్డ్ పోస్టాఫీసు ముద్ర. ఇంకా పెద్ద ఆధారం యూనిట్ వార్ డైరీ, అంటే యుద్ధంలో యూనిట్ రోజువారీగా రాసుకునే రికార్డు. యుద్ధ రికార్డులను సాధారణంగా 25 ఏళ్ళకు బయటపెట్టాలని రక్షణ శాఖ 2021 జూన్‌లో ఒక విధానం తెచ్చింది. 1971 కాగితాల విషయంలో ఇది మాజీ సైనికులకు ఉపయోగపడాల్సిన విధానం.

చేతిలో పతకమే ఉంటే దాన్ని తిప్పి చూడండి. మన సైనిక పతకాల అంచు మీదనో వెనకనో నంబరు, ర్యాంకు, పేరు, రెజిమెంటు చెక్కి ఉంటాయి. మామయ్య స్టార్ వెనకవైపు ఉన్న నంబరే మా కేసును మలుపు తిప్పింది. ఆ సంగతి తర్వాత చెప్తాను.

శౌర్య పురస్కారాల దగ్గర రెండు వేరు వేరు ప్రశ్నలు కలిసిపోతుంటాయి. గెజిట్‌లో పేరు వచ్చింది, రికార్డులో రాలేదు అన్నది ఒకటి. దానికి గెజిట్ కాపీయే తిరుగులేని ఆధారం. పాత గెజిట్లు చాలావరకు ఇప్పుడు ఇంటర్నెట్‌లో దొరుకుతున్నాయి. చక్ర పురస్కారాల వాళ్ళ వివరాలను రక్షణ శాఖ వేరే వెబ్‌సైటులో కూడా పెట్టింది. రెండోది, 'మా సీవో (కమాండింగ్ ఆఫీసర్) నా పేరు సిఫారసు చేశారు, పతకం మాత్రం రాలేదు' అన్నది. ఇది రికార్డు తప్పు కాదు, కొత్త పురస్కారం కోసం విజ్ఞప్తి. సిఫారసు పైకి వెళ్ళినా ప్రతి మెట్టు మీదా తగ్గవచ్చు, ఆగిపోవచ్చు. యుద్ధం ముగిసిన ఏళ్ళ తర్వాత దాన్ని తిరగదోడడం మన దగ్గర చాలా అరుదు. ఫలానా వ్యక్తికి ఫలానా శౌర్య పతకం ఇవ్వమని ఆదేశించడానికి కోర్టులూ సాధారణంగా ముందుకు రావు. ఈ రెంటినీ ఒకే దరఖాస్తులో కలిపి రాస్తే గెలవాల్సిన మొదటి కేసు కూడా రెండోదాంతో పాటు మూలనపడుతుంది. దయచేసి విడదీసి రాయండి.

మన పేర్లు, వాళ్ళ ఫారాలు

ఈ విషయం మీద నేను కొంచెం ఎక్కువసేపు మాట్లాడాలి, ఎందుకంటే తెలుగువాళ్ళ కేసులు ఎక్కువగా ఇక్కడే తగులుకుంటాయి.

మనకు ఇంటిపేరు ముందు వస్తుంది. ఫారంలో అది చివర రావాలి. భర్తీ రోజున లైనులో నిలబడ్డ కుర్రాడు తన పేరు చెప్తాడు, తెలుగు రాని గుమాస్తా విన్నట్టు రాసుకుంటాడు. ఇంటిపేరు ఒక పొడి అక్షరమవుతుంది, లేదా పూర్తిగా పోతుంది. వెంకటేశ్వరరావు రెండు ముక్కలై చివరి 'రావ్' ఇంటిపేరుగా మారుతుంది. సత్యనారాయణ 'సత్య నరైన్' అవుతాడు. అదే మనిషి స్కూల్ సర్టిఫికెట్‌లో ఒకలా, షీట్ రోల్‌లో ఒకలా, గెజిట్‌లో ఒకలా, ఆధార్‌లో ఇంకోలా ఉంటాడు. తాడేపల్లిగూడెం దగ్గర మిలటరీ మాధవరం లాంటి ఊళ్ళలో తరాలుగా ఇంటికొకరు సైన్యంలో పనిచేశారు. అలాంటి చోట ఒకే ఇంటిపేరు, ఒకే పొడి అక్షరాలు ఉన్నవాళ్ళు ఒకే రెజిమెంటులో ఇద్దరు ముగ్గురు ఉండటంలో ఆశ్చర్యమేముంది? టైగర్ హిల్ దగ్గర జరిగింది మన ఊళ్ళవాళ్ళకూ జరగొచ్చు.

అందుకే సైన్యంలో మనిషికి అసలు గుర్తు పేరు కాదు, ఆర్మీ నంబరు. ఆ నంబరులోనూ చిక్కులున్నాయి. చివర ఉండే అక్షరం కూడా నంబరులో భాగమే, అది వదిలేస్తే వెతుకులాట విఫలమవుతుంది. జేసీవోగా, అంటే నాయబ్ సుబేదారు మొదలుకుని ఉండే జూనియర్ కమిషన్డ్ ఆఫీసరుగా ప్రమోషన్ వస్తే పాత నంబరు పోయి 'జేసీ'తో మొదలయ్యే కొత్త నంబరు వస్తుంది. రిటైరై మళ్ళీ డిఫెన్స్ సెక్యూరిటీ కోర్‌లో చేరినవాళ్ళకు అక్కడి సర్వీసు, అక్కడి రికార్డులు వేరే ఉంటాయి. ఇక రాష్ట్రీయ రైఫిల్స్ సంగతి. కశ్మీర్‌లో రాష్ట్రీయ రైఫిల్స్ బెటాలియన్‌లో రెండు మూడేళ్ళు డెప్యుటేషన్ మీద పనిచేస్తూ సేనా మెడల్ తెచ్చుకున్న జవాను, పతకం వచ్చేనాటికి సొంత రెజిమెంటుకు తిరిగి వెళ్ళిపోయి ఉంటాడు. సంఘటన ఒక యూనిట్‌లో, మనిషి ఇంకో యూనిట్‌లో, రికార్డు మూడో ఊళ్ళో.

మామయ్య విషయంలో జరిగింది ఇదే. యుద్ధంలో ఆయన సిపాయి, పాత నంబరు. రిటైరయ్యేనాటికి జేసీ నంబరు. పైగా 1971 శీతాకాలంలో కొన్ని నెలలు ఆయన్ను వేరే బెటాలియన్‌కు తాత్కాలికంగా అటాచ్ చేశారు. స్టార్‌కు సంబంధించిన పార్ట్ టూ ఆర్డర్‌ను ఆ బెటాలియన్, ఆయన పాత నంబరు మీద ప్రచురించింది. మేం మొదటి మూడు దరఖాస్తుల్లోనూ జేసీ నంబరు ఒక్కటే రాశాం. స్టార్ వెనక చెక్కిన నంబరు చూసి, అటాచ్‌మెంట్ వివరం చేర్చి నాలుగోసారి రాస్తే ఆర్డర్ దొరికింది. అంటే రికార్డు ఎప్పుడూ ఉంది. అడగడం మాకు తెలియలేదు.

కాబట్టి దరఖాస్తు మొదటి పేరాలోనే మోసిన నంబర్లన్నీ, పనిచేసిన యూనిట్లన్నీ, అటాచ్‌మెంట్లతో సహా, నెలలు గుర్తున్నంతవరకు రాయండి. పేరు వేరువేరుగా ఉంటే ఆ సంగతి మీరే ముందు ఒప్పుకుని, ముందు పేరు సవరణకు విడిగా పెట్టుకోండి. దానికి సాధారణంగా అఫిడవిట్, పత్రికా ప్రకటన, గుర్తింపు కాగితాలు అడుగుతారు. పేరు తేలకుండా పతకం తేలదు.

షీట్ రోల్ మనం ఎప్పుడూ చూసి ఉండం కాబట్టి దాన్ని చూడటానికి మంచి దారి సమాచార హక్కు చట్టం. పది రూపాయల పోస్టల్ ఆర్డర్, 30 రోజుల గడువు. సైన్యం ఈ చట్టం పరిధిలోనే ఉంది. ఇక్కడా ఒక మెలకువ కావాలి. 'నా పతకం ఎందుకు రాయలేదు?' అని అడిగితే అది సమాచారం కిందికి రాదని తిప్పి పంపే వీలుంది. 'నా షీట్ రోల్ ధ్రువీకరించిన కాపీ ఇవ్వండి. ఫలానా తేదీల మధ్య నా నంబరు మీద పడిన పార్ట్ టూ ఆర్డర్ల కాపీలు ఇవ్వండి' అని అడగండి. కాగితం అడిగితే కాగితం వస్తుంది. దిద్దమని అడగడం తర్వాతి ఉత్తరంలో.

డబ్బు ఉన్నచోట

పూర్వీ స్టార్‌కు డబ్బు రాదు. మామయ్య అడిగింది డబ్బు కోసం కాదు. "నేనక్కడ ఉన్నానని రాసి ఉండాలి గదరా" అనేవారు. కానీ శౌర్య పతకాల్లో డబ్బు ఉంది, అక్కడ ఆలస్యానికి ఖరీదూ ఉంది.

2017 ఆగస్టు 1 నుంచి అమలైన రేట్ల ప్రకారం పరమవీర చక్రకు నెలకు 20,000 రూపాయలు, అశోక చక్రకు 12,000, మహావీర చక్రకు 10,000, కీర్తి చక్రకు 9,000, వీర చక్రకు 7,000, శౌర్య చక్రకు 6,000, శౌర్యానికి ఇచ్చిన సేనా మెడల్‌కు 2,000. పరమవీర, మహావీర, వీర చక్ర గ్రహీతల పెన్షన్‌కు ఆదాయపు పన్ను మినహాయింపు ఉంది. గ్రహీత చనిపోతే నెలవారీ భత్యం భార్యకు వెళ్తుంది. మళ్ళీ పెళ్ళి చేసుకుంటే, అదీ భర్త తమ్ముణ్ణో అన్ననో చేసుకుంటేనే ఆమెకు భత్యం కొనసాగుతుందన్న పాత షరతును 2017 నవంబరులో తీసేశారు. మంచి పని చేశారు.

సేనా మెడల్ దగ్గర ఒక్క పదం జీవితం మార్చేస్తుంది. ఈ పతకం శౌర్యానికీ ఇస్తారు, విశిష్ట సేవకూ ఇస్తారు. నెలవారీ భత్యం శౌర్యానికి ఇచ్చినదానికే. అదీ 1999 ఫిబ్రవరి 1 నుంచి 250 రూపాయలతో మొదలైంది. పాత ఎంట్రీల్లో ఒట్టి 'సేనా మెడల్' అని మాత్రమే ఉంటే, అది దేనికి ఇచ్చారో సైటేషన్ (పతకం ఎందుకిచ్చారో చెప్పే ప్రశంసాపత్రం) చూపించి రాయించుకోవాలి. పతకం ఉంది కదా అని ఊరుకున్న కుటుంబాలు ఈ ఒక్క మాట లేక భత్యం పోగొట్టుకుంటాయి.

డిశ్చార్జ్ బుక్‌లో అంతా సరిగ్గా ఉండి పెన్షన్‌లో భత్యం రాకపోతే రికార్డ్ ఆఫీసు ద్వారా సవరించిన పీపీవో రావాలి. దాన్నే కారిజెండం పీపీవో అంటారు. ఇప్పుడు పెన్షన్లన్నీ స్పర్శ్ అనే కొత్త వ్యవస్థలోకి మారాయి. ఓసారి లాగిన్ అయ్యి, లేదా చేసిపెట్టే పిల్లలుంటే వాళ్ళ చేత చేయించి, పురస్కారం వివరం అందులో ఉందో లేదో చూసుకోవాలి.

ఆలస్యం ఖరీదు ఎంతో చెప్తాను. తర్సేమ్ సింగ్ కేసులో 2008లో సుప్రీంకోర్టు ఒక సూత్రం చెప్పింది. పెన్షన్ లాంటి నెలనెలా జరిగే నష్టానికి ఆలస్యంగా వచ్చినా కేసు వినవచ్చు, కానీ బకాయిలు మామూలుగా కేసు వేయడానికి ముందు మూడేళ్ళకే పరిమితం. సేనా మెడల్ భత్యం ఎనిమిదేళ్ళు రాలేదనుకోండి. నెలకు రెండువేల చొప్పున 1,92,000 రూపాయలు. కోర్టు దాకా వెళ్తే చేతికొచ్చేది 72,000 కావచ్చు. మిగతా 1,20,000 ఓపికగా ఊరుకున్నందుకు కట్టిన జరిమానా.

కాగితమే లేకపోతే

1973 జులై 12న అమెరికాలో సెయింట్ లూయిస్ నగరం దగ్గర సైనిక రికార్డుల భవనం తగలబడింది. కోటీ 60 లక్షల నుంచి కోటీ 80 లక్షల దాకా ఫైళ్ళు బూడిదయ్యాయి. 1912 నుంచి 1960 మధ్య డిశ్చార్జ్ అయిన ఆర్మీవాళ్ళ రికార్డుల్లో 80 శాతం పోయాయి. నకళ్ళు లేవు. అప్పటి నుంచి ఆ దేశం జీతాల పట్టీలు, ఆస్పత్రి పుస్తకాలు, యూనిట్ రోజువారీ నివేదికలు పోగుచేసి ఒక్కో మనిషి సర్వీసును మళ్ళీ అల్లుకుంటూ వస్తోంది. కాగితం పోయిందంటే సైనికుడు లేడన్నట్టు కాదని అక్కడ ఒక పద్ధతిగా ఒప్పుకున్నారు.

అక్కడ ఇంకో సంగతి ఉంది. డిశ్చార్జ్ ఫారంలో పతకం రాయడం మర్చిపోతే దాన్ని సవరించే వేరే ఫారం ఉంది. అంతకు మించిన వివాదమైతే యూనిఫాం లేని పౌరులతో కూడిన రికార్డుల సవరణ బోర్డు ఉంది. తప్పు కనిపెట్టిన మూడేళ్ళలోపు రావాలని గడువు, న్యాయం కోసం అవసరమైతే ఆ గడువునూ మాఫీ చేస్తారు. 1965లో వియత్నాంలో పోరాడిన ప్యారిస్ డేవిస్ అనే నల్లజాతి ఆఫీసరుకు మెడల్ ఆఫ్ ఆనర్ ఇవ్వాలన్న సిఫారసు కాగితాలు ఒకసారి పోతే మళ్ళీ పంపారు, మళ్ళీ పోయాయి. చివరికి 2023 మార్చిలో, దాదాపు 58 ఏళ్ళ తర్వాత ఆయన మెడలో ఆ పతకం వేశారు.

మన దగ్గర అలాంటి ప్రత్యేక బోర్డు లేదు. ఎంట్రీ తప్పిన ఆఫీసే ఆ తప్పు ఉందో లేదో చెప్పాలి. ఇది సరికాదని నా గట్టి అభిప్రాయం. చదువు అంతంతమాత్రమైన ఒక ముసలి జవాను, ఇంగ్లీషులో వచ్చిన రెండు లైన్ల తిరస్కరణ ఉత్తరం పట్టుకుని ఎక్కడికి వెళ్తాడు?

వెళ్ళే చోటు ఒకటుంది, సాయుధ దళాల ట్రిబ్యునల్. 2007లో చట్టం చేశారు, 2009లో పని మొదలైంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కేసులు చెన్నై బెంచి పరిధిలోకి వస్తాయి. ముందు శాఖలో అడగాల్సిన చోట అడిగి ఉండాలి. తుది జవాబు వచ్చిన ఆరు నెలల్లో అక్కడికి వెళ్ళాలి. విజ్ఞప్తి పెట్టి ఆరు నెలలైనా జవాబు లేకపోతే, ఆ ఆరు నెలలు ముగిసిన నాటి నుంచి ఇంకో ఆరు నెలలు ఉంటాయి. ఆలస్యమైతే కారణం చూపి మన్నించమని అడగవచ్చు. అందుకే ప్రతి ఉత్తరం రిజిస్టర్డ్ పోస్టులోనో స్పీడ్ పోస్టులోనో పంపి ఆ రసీదు దాచుకోవాలి. జవాబు రాకపోవడాన్ని రుజువు చేసేది ఆ రసీదే.

ఇక అన్నిటికంటే దిగులు కలిగించే విషయం. పెన్షన్ లేకుండా మధ్యలో వెళ్ళిపోయినవాళ్ళ సర్వీసు కాగితాలను 25 ఏళ్ళ తర్వాత నాశనం చేయవచ్చని సైనిక నిబంధనల్లో ఉంది. 595వ పేరా అంటే మాజీ సైనికుల సంఘాల్లో చాలామందికి తెలుసు, తిరస్కరణ ఉత్తరాల్లో కనిపించే పేరా అది. యుద్ధం చేసి నాలుగైదేళ్ళకే ఇంటికి వచ్చేసినవాళ్ళకు చేతిలో ఉన్న డిశ్చార్జ్ బుక్కే ప్రపంచంలో మిగిలిన ఒకే ఒక్క సాక్ష్యం కావచ్చు. దాన్ని స్కాన్ చేసి, గెజిటెడ్ ఆఫీసరు చేత అటెస్ట్ చేయించి నాలుగు కాపీలు పెట్టుకోండి. రికార్డ్ ఆఫీసు రాతపూర్వకంగా అడిగితే తప్ప అసలు బుక్ ఎవరికీ ఇవ్వకండి. పోస్టులో పంపడానికి మనసు ఒప్పకపోతే స్వయంగా తీసుకెళ్ళండి.

మామయ్య అలాగే చేశారు. కొత్త ఎంట్రీ రాయడానికి అసలు బుక్ పంపమని ఉత్తరం వస్తే, "పోస్టుమీద నమ్మకం లేక కాదురా, దాన్ని వదిలి ఉండలేను" అని ఎనభయ్యో పడికి దగ్గర పడుతున్న మనిషి రైలెక్కారు. తోడు నేను వెళ్ళాను. రాత్రంతా ఆ ప్లాస్టిక్ కవరు తలకింద పెట్టుకుని పడుకున్నారు. అక్కడి హవల్దార్ క్లర్క్ షీట్ రోల్ తెచ్చి, సరిచూసి, పతకాల పేజీలో ఒక లైను రాసి స్టాంపు వేశాడు. పది నిమిషాలు పట్టింది. మిగతా లైన్ల ఇంకు గోధుమరంగుకు తిరిగింది, ఈ లైను మాత్రం నల్లగా ఉంది.

తిరుగు రైల్లో ఆయన తన స్నేహితుడి గురించి చెప్పారు. అదే అటాచ్‌మెంట్‌లో, అదే కందకంలో ఉన్నాయన. 1974లో తండ్రి పోతే పెన్షన్ లేకుండానే ఇంటికొచ్చేశారు, ఇప్పుడు లేరు. భార్య పక్క ఊళ్ళో ఉంది. వచ్చిన వారం ఇద్దరం వెళ్ళాం. ఆమె ఒక గుడ్డ సంచి తెచ్చి మా ముందు పెట్టింది. డిశ్చార్జ్ బుక్‌కు చెద పట్టి అట్ట పోయింది, నంబరు ఉన్న పేజీ మిగిలింది. ఫీల్డ్ పోస్టాఫీసు ముద్రలున్న రెండు ఇన్‌లాండ్ లెటర్లు, పన్నెండు మంది నిలబడి దిగిన ఒక ఫోటో ఉన్నాయి. ఫోటోలో ఎడమ నుంచి మూడో మనిషి ఆయన, నాలుగో మనిషి మామయ్య. ఇప్పుడు ఆమె పేరు మీద దరఖాస్తు రాస్తున్నాం. మామయ్య పార్ట్ టూ ఆర్డర్ కాపీ మొదటి జతగా పెట్టాం.